పుష్పమ్మ చేతి బోణీ

రోజూ చదివే అష్టోత్తరాన్ని దేవుడు రోజూ వింటాడా అన్న అనుమానం సోమశేఖర్‌కు చిన్నప్పటి నుంచీ ఉంది. లాల్‌దర్వాజాలోని ఇంట్లో పొద్దున్నే స్నానం చేసి దీపం ముందు కూర్చుంటే నోరు తన పని తాను చేసుకుపోయేది. మనసు మాత్రం నల్లా నీళ్ళ దగ్గరికో, స్కూటర్ రిపేరు దగ్గరికో వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఇక్కడ నామాలూ అయిపోయేవి, పళ్ళెంలో పూలూ అయిపోయేవి. మధ్యలో నామాలు తను చదివాడో, దాటేశాడో కూడా తెలిసేది కాదు. ఒకసారి తండ్రిని అడిగాడు. ఆయన విభూతి పెట్టుకుంటూ, చదవడం మానవద్దు, మన చేతిలో ఉన్నది అంతవరకే అన్నాడు. దానితో అనుమానం తీరలేదు. పెద్దాయన మాట కాదనలేక ఊరుకున్నాడు. నలభై దాటినా అలాగే చదువుతున్నాడు, అలాగే అనుమానపడుతున్నాడు.

అలాంటి మనిషి ఆఫీసులో కూర్చుంటే మాత్రం, ఒకే మాటను పదిసార్లు అడిగితే జనం పదిసార్లూ శ్రద్ధగా వింటారని గట్టిగా నమ్మాడు. ఈ రెంటికీ పొత్తు కుదరదని ఆయనకు చాలాకాలం తోచలేదు.

ఆయన ఉద్యోగం యాకుత్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న ఒక ధర్మాసుపత్రిలో. వ్యాపారస్తులు కొందరు ట్రస్టు పెట్టి నడిపే ఆసుపత్రి అది. తొంభై ఆరులో అక్కడికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దానితోపాటు సోమశేఖర్ కూడా వచ్చాడు. అప్పటినుంచి ఆయన అందరికీ కంప్యూటర్ సారే. పేషెంట్ల పేర్లు ఎక్కించే ప్రోగ్రామును ఎవరో రాసి ఇచ్చిపోతే, దానిని కంటికి రెప్పలా చూసుకున్నది ఆయన.

చూసుకోవడమంటే ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే. ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ ఒక కాపలా పెట్టడం. ఒక క్లర్కు పొరపాటున ఒకరి పేరు చెరిపేశాడు, నిజంగా చెరపాలా అని అడిగే డబ్బా ఒకటి స్క్రీన్ మీద వెలిసింది. ఇంకెవరో పాటల పెన్‌డ్రైవ్ తెచ్చి పెడితే వైరస్ పట్టి రెండు రోజులు ఆసుపత్రి అంతా చీటీల మీద నడిచింది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టినా, పెట్టకపోయినా పొద్దున్నే ఒక హెచ్చరిక. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చున్నారని తెలిసి, చాయ్ తాగి వచ్చేంతలో మళ్ళీ పాస్‌వర్డ్ అడిగేటట్టు చేశాడు. పాతబస్తీలో ఒక్క గల్లీలోనే ఒకే పేరున్నవాళ్ళు బోలెడుమంది, కాబట్టి ఈ పేరుతో ఇంకొకరున్నారు, జాగ్రత్త అనే డబ్బా దాదాపు ప్రతి పేషెంటుకూ వచ్చేది. అన్నీ ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా, మర్యాదగా రాశాడు. సాయంత్రం వరండాలో నడుస్తుంటే కౌంటర్ల నుంచి ఆ డబ్బాల టింగుమనే చప్పుడు వినబడేది. ఆయనకు అది గుడిలో గంట విన్నట్టుండేది. ఆసుపత్రి క్షేమంగా ఉంది అనుకొనేవాడు.

కౌంటర్లలో పెద్దది పుష్పమ్మ. కంప్యూటర్లు రాకముందు చీటీలు రాసిన మనిషి. రిటైర్మెంట్‌కు దగ్గర పడింది. మందులవాడు, లిఫ్ట్‌వాడు, డాక్టర్లు, అందరూ ఆమెది మంచి చెయ్యి అనేవారు. ఆమె సెలవు పెట్టిన ఒక రోజున మెయిన్ కంప్యూటర్ కాలిపోయింది. ఆ తర్వాత ఆమె బోణీ చెయ్యకుండా ఏ కౌంటరూ తెరుచుకోలేదు. పొద్దున్నే ఆమె మూడు మిషన్ల దగ్గరికీ వెళ్ళి, ఒక్కొక్క కీబోర్డును తాకి కళ్ళకద్దుకొని, తన పేరుతో తెరిచి, ఒక్కొక్క పేషెంటును ఎక్కించి వచ్చేది. రెండో కౌంటర్ ఫర్హానా కూడా, ఆపా, పహలే తుమారా హాత్ లగావ్, ముందు నీ చెయ్యి పడాలె అని కుర్చీ వెనక్కి లాగి నిలబడేది. ఆ తెరిచిన పేరు మీదనే సాయంత్రం వరకూ పని నడిచేది. మధ్యలో పాస్‌వర్డ్ అడిగితే అందరూ ఆమెదే కొట్టేవారు. ఆమె పాస్‌వర్డ్ మహంకాళి. దాచుకోవాలని సోమశేఖర్ ఒకసారి మందలిస్తే, అమ్మవారి పేరు దాచిపెట్టేదా సారూ అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆయన పాస్‌వర్డ్ అడిగే గడువును ఇంకొంచెం తగ్గించి వచ్చాడు.

ఇట్లా సాగుతున్న ఆయన ప్రపంచంలోకి తోడల్లుడు వచ్చాడు.

సోమశేఖర్ భార్య సుచరిత. ఆమె చెల్లెలు నీహారికను చేసుకున్నవాడు నందకిశోర్. మాదాపూర్‌లో పెద్ద కంపెనీలో పని. అలియాబాద్‌లో మామ కృష్ణయ్య ఇంటికి అతని కారు వస్తే గల్లీ పిల్లలంతా చుట్టూ మూగేవారు. మామ అరుగు మీది నుంచి, స్కూటర్ జర పక్కకు పెట్టు అల్లుడా, కారు పట్టాలె అనేవాడు. ఆ మాటలో తప్పేమీ లేదని సోమశేఖర్‌కు తెలుసు. కారు పట్టాలంటే స్కూటర్ జరగాల్సిందే. అయినా స్కూటర్‌ను పక్కకు నెట్టిన ప్రతిసారీ తనను ఎవరో భుజం పట్టి పక్కకు నెట్టినట్టుండేది.

అన్నం దగ్గర మామ చిన్నల్లుడిని పని గురించి అడిగేవాడు. ఇన్నేళ్ళలో పెద్దల్లుడిని మీ ఆసుపత్రిలో కంప్యూటర్ ఏం చేస్తుందని ఒక్కసారీ అడగలేదు. ఒక పండుగనాడు నందకిశోర్ తన పని గురించి చెప్పుకొచ్చాడు. కంప్యూటర్లు భద్రత పేరుతో మనుషులను మాటిమాటికీ అడిగి సతాయిస్తాయట, జనం విసుగొచ్చి చదవకుండానే అవునని కొట్టేస్తారట, అందుకని అడగడం తగ్గించి, నిజంగా ప్రమాదమున్నచోట మాత్రమే అడిగేటట్టు చెయ్యడం వాళ్ళ జట్టు పనట. మామ నోరు తెరుచుకొని వింటున్నాడు. సోమశేఖర్ చేతిలో ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

"తక్కువ అడుగుడుకు గూడ జీతమిస్తున్నరా కిశోర్?"

"ఇస్తున్నరన్నా. ఎక్కువ అడుగుడుకు నీకిస్తలేరా?"

అందరూ నవ్వారు. సుచరిత కూడా నవ్వింది. ఆ నవ్వు ఆయన వెంట ఇంటిదాకా వచ్చింది.

మరి ఈ ఇద్దరి మధ్యా ఒక బాకీ కూడా ఉండిపోయింది. చెల్లెలి పెళ్ళయ్యాక అక్కాబావలు కొత్త జంటను ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, బట్టలు పెట్టి పంపాలి. అది ఆ ఇంటి పద్ధతి. సుచరిత మొదటి నెలలోనే గుర్తు చేసింది. అప్పుడు ఆషాఢం అన్నాడు. తర్వాత ఆసుపత్రిలో ఆడిట్ అన్నాడు. ఆ తర్వాత తండ్రి సంవత్సరీకం వచ్చింది. అవేవీ అబద్ధాలు కావు, కానీ ఏ ఒక్కటీ నిజమైన కారణం కాదు. ఆ మనిషికి బొట్టు పెట్టి చేతిలో బట్టలు పెట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు. చివరికి సుచరిత అడగడం మానేసింది. మానేసినందుకు ఆయనకు ఇంకా బరువయింది.

రెండువేల ఏడులో ట్రస్టు కార్యదర్శి సీతారాం గారికి ఫిర్యాదులు మొదలయ్యాయి. కౌంటర్ల ముందు వరస గేటు దాటి రోడ్డు మీదికి పోతోంది, చంటిపిల్లల తల్లులు ఎండలో నిలబడుతున్నారు, ఎందుకింత ఆలస్యమని. క్లర్కులు కంప్యూటర్ వైపు చూపించారు. సీతారాం గారికి కృష్ణయ్య చిన్ననాటి స్నేహితుడు. కృష్ణయ్య, మా చిన్నల్లుడు సరిగ్గా గదే పని చేస్తడు అన్నాడు. ఇంకేం కావాలి, శనివారాలు వచ్చి చూసిపొమ్మని కబురు వెళ్ళింది. జీతం లేకుండా, పుణ్యానికి వస్తున్నాడని ఆసుపత్రి అంతా అప్పుడే మెచ్చుకోవడం మొదలుపెట్టింది. తను పదేళ్ళకు పైగా ఆదివారాలు కూడా వచ్చిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మొదటి శనివారం సోమశేఖర్ తన గదిని తుడిపించి, ప్రోగ్రాము కాగితాలు వరసగా పెట్టుకొని కూర్చున్నాడు. తోడల్లుడు వచ్చి అడుగుతాడు, తను కొంచెం బెట్టు చేసి చెబుతాడు, అదీ లెక్క. నందకిశోర్ గదిలోకే రాలేదు. ఒక స్టూలు అడిగి తెచ్చుకొని పుష్పమ్మ వెనకాల కూర్చొని, పొద్దంతా ఆమె చేతులను చూశాడు. మధ్యాహ్నం మాత్రం ఒక్క మాట అడిగాడు. సోమశేఖర్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

"పెద్దమ్మా, గా డబ్బాల ఏం రాసుంటది?"

"ఏమో బిడ్డా. వస్తది, కొడత. పోతది."

"ఎన్నడన్న చదివినవా?"

"సారు మంచికే పెట్టిండు. చదివితే లైన్ కదులుతదా?"

సోమశేఖర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఒక్కొక్క డబ్బాకూ మాటలు కూర్చడానికి తను పడ్డ తంటా అంతా కళ్ళముందు తిరిగింది. కోపం పుష్పమ్మ మీద రావలసింది. వచ్చింది మాత్రం తోడల్లుడి మీద. ఆ ప్రశ్న అడగకపోతే ఆ జవాబు పుట్టేదే కాదుగదా అనిపించింది.

నాలుగైదు శనివారాల్లో నందకిశోర్ కొత్త పద్ధతి తయారుచేశాడు. సీతారాం గారి ముందు వివరిస్తుంటే సోమశేఖర్ కూడా కూర్చోవలసి వచ్చింది. పెన్‌డ్రైవ్‌లు కౌంటర్ మిషన్లలో అసలు తెరుచుకోవు, కాబట్టి హెచ్చరిక అక్కర్లేదు. వెనక్కి తీసుకోగలిగిన పొరపాటుకు అడగడమెందుకు, వెనక్కి తీసుకునే మీట ఒకటి ఇస్తే చాలు. పాస్‌వర్డ్ పొద్దున ఒక్కసారి అడుగుతుంది, ఆ తర్వాత మనిషిని నమ్ముతుంది. పేషెంటు రికార్డు పూర్తిగా చెరిపే అధికారం పుష్పమ్మకు ఒక్కదానికే ఉంది. మిగతావాళ్ళకు ఆ మీటే కనబడదు, కనుక అక్కడ కూడా అడిగి ఆమెను విసిగించనక్కర్లేదు.

ఆ చివరి మాట దగ్గర సోమశేఖర్ తల ఎత్తాడు. మూడు మిషన్లూ పొద్దున తెరుచుకునేది పుష్పమ్మ పేరు మీదనే. అంటే ఆ మీట రోజంతా మూడు సీట్లలోనూ కనబడుతుంది, ఎవరు నొక్కినా అడగకుండా చెరిపేస్తుంది. నందకిశోర్ ప్రతి శనివారం తొమ్మిది దాటాకే వచ్చేవాడు. బోణీ అతను చూడలేదు. ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ అది చెప్పవలసిన విషయంగా తోచలేదు.

"అన్నా, నువ్వేమన్న అంటవా?" నందకిశోర్ అడిగాడు.

ఏమీ లేదని సోమశేఖర్ తల ఊపాడు.

సోమవారం నుంచి రెండు వారాలు నడిపి చూద్దామన్నారు. ఆ మొదటి సోమవారమే వరస గేటు లోపలికి వచ్చేసింది. మూడో రోజుకు వరండాలో బెంచీలు ఖాళీగా కనబడ్డాయి. టింగుమనే చప్పుడు లేదు. డాక్టర్లు కూడా దారిలో ఆగి, మీ తోడల్లుడు మస్తు తెలివైనోడు సార్ అని ఆయనతోనే అనేవారు. ఆయన నవ్వేవాడు. దీపం ముందు కూర్చున్నప్పుడు నామాల మధ్యలో ఆ చెరిపే మీట గుర్తొచ్చేది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరిదో వేలు దాని మీద పడుతుంది. పడాలని కోరుకుంటున్నానా అని తనను తాను అడిగి, లేదనుకొని, పూలు వేసి లేచేవాడు. దేవుడు ఏది విన్నా వినకపోయినా ఆ మధ్యలోని తలపు మాత్రం విని ఉంటాడని ఆయనకు భయం పట్టుకుంది. అయినా ఎవరికీ చెప్పలేదు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం, ఆసుపత్రి మూలనున్న చిన్న మందిరంలో హారతి ఇస్తున్నారు. పుష్పమ్మ ఆయన పక్కనే నిలబడి కళ్ళు మూసుకొని ఉంది. హారతి అయి గదికి వచ్చేసరికి మూడో కౌంటర్ క్లర్కు బాలకిషన్ తలుపు దగ్గర చెమటలు పట్టి నిలబడ్డాడు. ఒకే పేరుతో ఇద్దరు రజియా బేగంలు కనబడితే రెండోది దండగ అనుకొని చెరిపేశాడట. తీరా చూస్తే ఆమె వేరే మనిషట. తలాబ్‌కట్ట నుంచి వచ్చే గర్భిణి.

"అడుగుతది గద అని కొట్టిన సార్. అడగలే. పోయింది."

సోమశేఖర్ ముందు పని చూశాడు. నిన్న రాత్రి తీసి పెట్టిన కాపీ నుంచి ఆమె రికార్డును వెనక్కి తెచ్చాడు. అందులో, ఫలానా సూది మందు ఈమెకు పడదు అన్న డాక్టర్ మాట ఉంది. ఆ మాట పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకొని ఆయనకు భయం వేసింది. ఆ భయం అణగకముందే లోపల ఇంకేదో లేచింది. సంతోషం. అడుగుతది గద అని కొట్టిన. ఆ ఒక్క మాట సీతారాం గారి ముందు పెడితే చాలు, తోడల్లుడి తెలివి అంతా తేలిపోతుంది. డబ్బాలన్నీ తిరిగి వస్తాయి. అలియాబాద్ అరుగు మీద మామ ఏమంటాడో చూడాలి.

మిషన్ ఎవరి పేరు మీద తెరిచి ఉందని అడిగాడు, తెలిసినా. పుష్పక్క పేరు మీదనే, రోజూ అంతే గద అన్నాడు బాలకిషన్. ఫికర్ చెయ్యొద్దని, ఎవరికీ చెప్పొద్దని పంపేశాడు. రెండు వారాలు ముగిశాక సోమవారం సాయంత్రం సీతారాం గారి దగ్గర మీటింగు. అప్పటిదాకా ఆ మాటను జేబులో పెట్టుకొని తిరిగాడు. ఆదివారమంతా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపి తోడల్లుడి మొహం చూడాలి, అన్నీ మనసులోనే కూర్చుకున్నాడు. సుచరిత రెండుసార్లు అన్నానికి పిలిచినా వినబడలేదు.

సోమవారం పొద్దున అందరికంటే ముందు ఆసుపత్రికి వెళ్ళాడు. పుష్పమ్మ అప్పుడే వచ్చింది. పసుపు రాసుకున్న చేతులతో ఒక్కొక్క కీబోర్డును తాకి కళ్ళకద్దుకుంటోంది. మూడో మిషన్ దగ్గర తన పేరు కొట్టి, ఆయనను చూసి నవ్వింది.

"సారూ, గీ పదిహేను దినాల సంది వేళ్ళ నొప్పి తగ్గింది. మీ తమ్మునితోని చేపిచ్చినవు. నీ చలవ."

"నేనేం చెయ్యలే పుష్పమ్మా."

"నువ్వు చెప్పకుంటే ఆ పిల్లగాడు ఎందుకొస్తడు? సొంత మనిషివి నువ్వుంటివి."

ఆమె సీట్లోకి వెళ్ళింది. ఆయన అక్కడే నిలబడిపోయాడు. సాయంత్రం తను చెప్పబోయే మాట ఇంకోసారి మనసులో తిప్పి చూశాడు. రజియా బేగం రికార్డు చెరిగింది. ఎవరు చెరిపారని అడుగుతారు. మిషన్ పుష్పమ్మ పేరు చెబుతుంది. కాదు, ఆమె నా పక్కన హారతిలో ఉంది అనాలి. మరి ఆమె పేరు అక్కడెందుకుంది అంటారు. బోణీ సంగతి చెప్పాలి. నీకెప్పటి నుంచి తెలుసంటారు. తోడల్లుడి కోసం నూరిన కత్తి ముందు పుష్పమ్మను తాకి, తిరిగి తన దగ్గరికే వచ్చేట్టుంది. పోనీ బోణీ సంగతి దాచితే, రిటైర్మెంట్ ముందు ఆ ముసలామె తల వంచుకొని నిలబడాలి. నీ చలవ అన్నది ఆమె.

నందకిశోర్‌కు ఫోన్ చేసి, మీటింగుకు ముందే స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్‌కు రమ్మన్నాడు.

చాయ్ వచ్చింది. సోమశేఖర్ తాగలేదు. బల్ల మీది మరకను వేలితో రుద్దుతూ, మొత్తం చెప్పాడు. బోణీ, మహంకాళి పాస్‌వర్డ్, మూడు మిషన్లు, బాలకిషన్, రజియా బేగం. నందకిశోర్ సాసర్ కింద పెట్టాడు.

"నీకెప్పటిసంది తెలుసన్నా?"

"నువ్వు సీతారాం గారికి చెప్పిన దినం సంది."

"నేనడిగితి గద ఆనాడు."

"అడిగినవు. చెప్పబుద్ధి కాలే."

నందకిశోర్ మొహం ఎర్రబడింది. తిడతాడేమో, లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాడు సోమశేఖర్. తిట్టినా బాగుండుననిపించింది.

"నేను గూడ నీ గదిలకు రాలే," అన్నాడు నందకిశోర్ చివరికి. "మొదటి దినమే వస్తే ఇదంతా తెలిసేది. పెద్దల్లుని దగ్గర నేర్చుకొని చేసిండు అంటరని రాలే. మామకు బాగలేకపోతే ఫోన్ నీకొస్తది. ఇంట్ల పెండ్లయితే సలహా నిన్నడుగుతరు. నన్ను చుట్టం లెక్క కూసోబెట్టి కారు సంగతి అడుగుతరు. నీకేం తెలుసు."

సోమశేఖర్‌కు నిజంగానే తెలియదు. మామకు అర్ధరాత్రి ఆయాసం వస్తే స్కూటర్ మీద పరుగెత్తడం ఎవరైనా అసూయపడే విషయమని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. వినడానికి విచిత్రంగా, కొంచెం తీయగా కూడా ఉంది.

"ఒకటి చెప్పు," అన్నాడు నందకిశోర్. "నీ డబ్బాలు ఉన్నప్పుడు మిషన్లు ఎవరి పేరు మీద నడిచేటివి?"

"పుష్పమ్మ పేరు మీదనే."

"పాస్‌వర్డ్ గన్నిసార్లు అడిగితే?"

"గన్నిసార్లు ఆమెదే కొట్టేటోళ్ళు."

సోమశేఖర్‌కు తన జవాబు తనకే కొత్తగా వినబడింది. ఇన్నేళ్ళుగా గంట మోగింది. ఎవరూ వినలేదు. ఆ చప్పుడే కాపలా అనుకొని తను నిద్రపోయాడు.

నందకిశోర్, అయితే రేపటినుంచి ఎవరి మిషన్ వాళ్ళే తెరవాలని, ఆ బోణీ ఆపించాలని అన్నాడు. సోమశేఖర్ తల అడ్డంగా ఊపాడు. ఈ ఒక్కచోట ఆయనకు అనుమానం లేదు. ఆపమంటే ఆ రోజు ఆపుతారు. రెండో రోజు కరెంటు పోతుంది, పుష్పమ్మ చెయ్యి పడలేదు కాబట్టే పోయిందంటారు, మూడో రోజు నుంచి దొంగచాటుగా అదే మొదలు.

"ఆపొద్దు. బోణీకే ఒక జాగ ఇయ్యి. పొద్దున మిషన్ ఆమె కోసమే తెరుచుకోవాలె. ఒక్క పేషెంటును ఎక్కించంగనే ఆమెను మిషనే మర్యాదగ బయటికి పంపాలె. ఆ తర్వాత సీట్ల కూసున్నోని పేరు అడగాలె, ఒక్కపారి."

"ఒక్కపారేనా అన్నా?"

"ఒక్కపారే."

"నువ్వేనా గీ మాట అంటున్నది?"

సోమశేఖర్‌కు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. చల్లారిన చాయ్ పక్కకు పెట్టి, ఇంకో రెండు చాయ్‌లు చెప్పారు. రికార్డు చెరిపేచోట మాత్రం డబ్బా ఉండాలని నందకిశోరే ఒప్పుకున్నాడు. అందులో అవును, కాదు అని ఉండకూడదు. ఎవరిని చెరుపుతున్నామో వాళ్ళ పేరు, తండ్రి లేక భర్త పేరు, గల్లీ పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాల్లో రావాలి. ఎంటర్ కొడితే పోకూడదు. రోజంతా ఏమీ అడగని మిషన్ ఒక్కసారి అడిగితే, ఆ ఒక్కసారి ఎవరైనా చదువుతారు.

మీటింగులో సోమశేఖర్ తన సంగతి ముందు చెప్పాడు. తెలిసీ చెప్పలేదని, అందువల్ల ఒక తల్లి రికార్డు పోయి వచ్చిందని, తప్పు పుష్పమ్మదీ కాదు, బాలకిషన్‌దీ కాదని. సీతారాం గారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. నీ వయసుకు ఇది తగునా అన్నాడు. అంతకు మించి మందలించలేదు. కంప్యూటర్ గది నీ దగ్గరే ఉంటుంది, కానీ పని అయ్యేదాకా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి అన్నాడు. అప్పుడు నందకిశోర్ లేచి, బోణీని ఉంచే ఆలోచన సోమశేఖర్ అన్నదేనని, అది లేకపోతే తన పద్ధతి ఈ ఆసుపత్రిలో నడవదని అందరి ముందూ చెప్పాడు.

సోమశేఖర్‌కు కళ్ళు చెమర్చవలసిన చోటు అది. నిజానికి ఆయనకు మళ్ళీ కొంచెం కడుపు మండింది. ఇంత ధారాళంగా పంచిపెట్టే గుణం కూడా వీడికే ఇవ్వాలా దేవుడా అనుకున్నాడు. అనుకొని, తన మీద తనకే జాలి కలిగింది.

మెట్లు దిగుతుంటే నందకిశోర్ జేబులో కారు తాళం వెతుక్కుంటున్నాడు.

"కిశోర్, వచ్చే ఆదివారం నీహారికను తీసుకొని మా ఇంటికి అన్నానికి రా."

"ఏం విశేషమన్నా?"

"విశేషం అయిదేండ్ల కిందటిది."

నందకిశోర్ ఒక మెట్టు కింద ఆగి, పైకి చూశాడు. ఏ విశేషమో అతనికి అర్థమయింది. వస్తానని మాత్రం అన్నాడు.

ఆ మాట ఇంట్లో చెబితే సుచరిత నమ్మలేదు. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, ఒంట్లో బాగుందా అని ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. శనివారం సాయంత్రం ఇద్దరూ పత్తర్‌గట్టీ బట్టల కొట్లకు వెళ్ళారు. చీర సుచరిత ఎంచింది. ప్యాంటు, షర్టు గుడ్డ ఆయన ఎంచాడు. కొట్టువాడు మామూలు రకం చూపిస్తే, ఇంకొంచెం మంచిది తియ్యమని ఆయనే అన్నాడు. సుచరిత ఆయన వైపు చూడకుండా గుడ్డ నేతను వేళ్ళతో తడుముతూ నిలబడింది.

ఆదివారం పప్పు, పచ్చిపులుసు, వంకాయ కూర, భక్ష్యాలు. నందకిశోర్ నెయ్యి వద్దంటున్నా సోమశేఖర్ తనే గిన్నె పట్టుకొని వడ్డించాడు. అన్నాలయ్యాక దంపతులను పీటల మీద కూర్చోబెట్టారు. సుచరిత చెల్లెలికి బొట్టు పెట్టి చీర ఇచ్చింది. సోమశేఖర్ కుంకుమ వేలితో తీసుకొని తోడల్లుడి నుదుట పెట్టాడు. తమలపాకుల మీద పెట్టిన బట్టలను రెండు చేతులా పట్టుకొని అతని చేతుల్లో ఉంచాడు.

"ఆలస్యమైంది తమ్మీ. ఏమనుకోకు."

నందకిశోర్ వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, గుడ్డను వెలుతురులోకి తిప్పి చూసుకున్నాడు. రంగు బాగుంది, ఎవరు ఎంచారని అడిగాడు. నీహారిక బావ మొహం వైపు చూసింది. సుచరిత లోపలికి వెళ్ళి, గుడ్డతోపాటు కుట్టుకూలికని పెట్టడం ఆయన మరచిపోయిన నోటును తెచ్చి ఆ బట్టల మీద పెట్టింది.